సబ్బు మిషనుకు సన్మానం

చెయ్యి తగలకుండా సబ్బు ఇచ్చే మిషనును కనిపెట్టిన మహానుభావుడికి ఎమ్మిగనూరులో పౌరసన్మానం జరగాలి! శాలువా మా మగ్గాల మీదే నేయిస్తాం. పూలదండ ఆదోని నుంచి తెప్పిస్తాం. అభ్యంతరం ఉన్నవాళ్లు ఇది చివరిదాకా చదివి, అప్పుడు చెయ్యెత్తండి. చెయ్యి ఎంత ఎత్తాలన్నదే ఇక్కడ అసలు సంగతి.

నేను మాటకారిని కాను. గోనెగండ్ల దగ్గర పల్లెలో ఏడో తరగతి దాకా చదివి, ఆ తర్వాత వేరుశెనగతోనూ వానతోనూ కాలం గడిపినవాణ్ణి. మాట్లాడనివాడికి ఒక సౌకర్యం ఉంది. అందరూ పిలిచి కమిటీల్లో వేసుకుంటారు.

బళ్లో నా పక్కన కూర్చున్న ఉచ్చీరప్ప ఇప్పుడు పెద్ద వ్యాపారి. ఎమ్మిగనూరు మెయిన్ రోడ్డులో మూడంతస్తుల కాంప్లెక్స్ కట్టాడు. కింద బట్టల షాపు, నడుమ రక్తపరీక్షల ల్యాబు, పైన ట్యుటోరియల్. మూడింటికీ కలిపి వెనకవైపు రెస్ట్‌రూం, దాని ముందు ఆడామగా అందరూ చేతులు కడుక్కునే బేసిన్లు. అందులో ఎలాంటి సబ్బు మిషను పెట్టాలో తేల్చడానికి ఒక కమిటీ వేశాడు. సభ్యులు ఇద్దరు. ఆయన, నేను. మా కమిటీకి ఏ రోజూ కోరం తక్కువ కాలేదు.

అప్పటిదాకా అక్కడ పనిచేస్తున్న సబ్బు మిషను పేరు రూత్.

రూత్‌ది మా ఊరే. కోసిగి దగ్గరి ఉరుకుందుకు ఇచ్చారు. కాంప్లెక్స్ తెరిచినప్పటి నుంచి రెస్ట్‌రూం కడుగుతుంది, వచ్చినవాళ్ల చేతుల్లో సీసాతో సబ్బు పోస్తుంది. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఊళ్లోనే ఒక రూము బాడుగకు తీసుకుని కూతురు మౌనికను చదివిస్తోంది. మౌనికకు ఈ ఏడు పదో తరగతి.

ఆదోని నుంచి అరుణ అనే అమ్మాయి వచ్చింది. సబ్బు మిషన్ల కంపెనీ తరఫున. ల్యాప్‌టాప్ తెరిచి మమ్మల్ని అడిగిన ప్రశ్నలు మా ఇద్దరి పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అడగలేదు. గోడకు తగిలించాలా, బేసిన్ పక్కన నిలబెట్టాలా? సబ్బు నీళ్లలా రావాలా, నురగలా రావాలా? బ్యాటరీయా, కరెంటా? తాళం ఉండాలా? కింద చుక్కలు పడడానికి గిన్నె కావాలా? లోపలి ట్యాంకు ఎంత? చెయ్యి ఎంత దూరంలో ఉంటే సెన్సర్ పట్టుకోవాలి?

ఉచ్చీరప్ప అన్నీ విని ఒకే మాట అడిగినాడు.

"హైదరాబాద్ మాల్స్‌లో ఏది పెడతారమ్మా?"

"నాలుగంగుళాల రేంజ్ సార్. స్టీల్ బాడీ."

"అదే రాసుకో."

అంతే, స్పెసిఫికేషన్ ఖరారైంది! నేను మాట్లాడలేదు కాబట్టి ఏకగ్రీవం అని కూడా రాసుకున్నారు.

మిషన్లు వచ్చిన రోజు రూత్ మెట్ల దగ్గర నా పక్కకొచ్చి నిలబడింది.

"సార్, మిషను ఉన్నంక మనిషెందుకు అంటాండాడు మా ఓనరు. నెల నిండినాక పొద్దున ఒక్క గంట ఊడ్సిపోతే సాలంట."

"ఊఁ" అన్నాను.

"ఒక్క గంట పనికి రూము బాడుగ యాడ కట్టేది? మా ఆయన సుగ్గికి పోదాం దా అంటాండాడు. మిరపకాయలు కోసేకి గుంటూరు దిక్కు. పోతే పాపను గూడా తోలకపోవాల. పది పరీక్షలు యాడ రాస్తాది, మిరపచేన్లోనా?"

దీనికీ నేను "ఊఁ" అనే అన్నాను. కమిటీ సభ్యుడు అంతకు మించి అనకూడదు. పైగా మిషను ఆగమనం వల్ల జరగబోయే మేలు ముందు ఇవన్నీ చిన్న చిన్న సంగతులు కాదా?

ఆ మేలు ఏమిటో చెబుతాను.

ముందుగా, ఓపిక. మా మనిషి బస్సుకు ఆగడు, తూకానికి ఆగడు, కాఫీ చల్లారేదాకా ఆగడు. అలాంటివాడు సబ్బు మిషను ముందు చేతులు చాపి, కళ్లు పైకెత్తి, మంత్రాలయంలో హారతి కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఏ ప్రవచనకారుడు సాధించగలడు ఇంత నిశ్శబ్దాన్ని?

తర్వాత, వ్యాయామం. ల్యాబుకు షుగర్ పరీక్షకు వచ్చినవాళ్లు మిషను కింద చెయ్యి ఊపి, తిప్పి, వెనక్కి తీసి, మళ్లీ చాపి, మోచెయ్యి పెట్టి చూస్తున్నారు. పదిహేను రోజులు ఇలా చేస్తే షుగర్ ఎక్కడుంటుంది? ల్యాబు నష్టపోతుందేమో గానీ ప్రజలు బాగుపడతారు.

మర్యాద సంగతి చెప్పక్కర్లేదు. కోసిగి నుంచి పెళ్లిబట్టలకు వచ్చిన లక్ష్మప్ప ఎద్దులను కూడా తిట్టకుండా తోలలేడని పేరు. ఆయన మిషనుతో ఎంత మెత్తగా మాట్లాడినాడో నా చెవులతో విన్నాను.

"రవ్వంత ఇయ్యప్పా. బస్సుకు పోవాల."

మిషను ఇవ్వలేదు. ఆయన విసుగొచ్చి పక్కకు తిరగ్గానే, గోడ మీద బల్లి పరిగెత్తితే దానికి ఇచ్చింది.

"సూడు సూడు, బల్లికైతే ఇచ్చె" అన్నాడు లక్ష్మప్ప. "నేనేం పాపం జేసినానో."

ఇక అంజినమ్మ. వేరుశెనగ కూలికి పోయే ముసలామె. రేషన్ షాపు మిషను, పింఛను మిషను రెండూ తెలిసిన మనిషి. నేరుగా లోపలికి పోయి, బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుని, నాలుక మీద రవ్వంత తడి చేసుకుని, మిషను కింద మెరుస్తున్న కంటి మీద గట్టిగా అదిమింది. సబ్బు మోచేతి దాకా కారింది.

"పడిందిలే" అంది సంతోషంగా. "నా ఏలు పింఛనుకు నాలుగు మాట్లు పెడితే గానీ పడదు. ఈడ ఒకటే మాటుకు పడె."

చదువు రానివాళ్లకు మిషన్లంటే భయమని ఎవరన్నారు?

ఇంత మేలు జరుగుతుంటే నాకు ఒక అనుమానం వచ్చింది. మిషను అందరి దగ్గరా మొండికేయడం లేదు. ట్యుటోరియల్ పిల్లలకు ఇస్తోంది. ల్యాబు డాక్టరుకు ఇస్తోంది. ఉచ్చీరప్పకు ఇస్తోంది. నాకైతే మొదటిసారే ఇచ్చింది. నా చెయ్యి దానంతట అదే మిషను మూతి కిందికి, తగిలేటంత దగ్గరగా పోయింది. ఇంత తెలివైన చెయ్యి నాకుందని అంతవరకు తెలియదు.

లక్ష్మప్పకు ఇవ్వలేదు. కూలిపనికి వచ్చి చేతులు కడుక్కుందామని దూరిన పదిమందిలో ఏడుగురికి ఇవ్వలేదు. వాళ్లంతా రెండు చేతులూ కలిపి దోసిలి పట్టారు. పట్టి, మిషనుకు ఒక మూర కింద ఆపారు. కొందరు రవ్వంత వంగారు కూడా.

అప్పుడే రూత్ ఒక పద్ధతి కనిపెట్టింది. దోసిలి పట్టిన మనిషి పక్కన నిలబడి, తన చెయ్యి వారగా మిషను కంటి ముందు పెడుతుంది. సబ్బు కింద దోసిట్లో పడుతుంది. వారం తిరగకముందే అది కాంప్లెక్స్ అలవాటైపోయింది. బట్టల షాపులో నుంచి కేక వినపడేది.

"రూతక్కా, మిషనుకు సెయ్యి పెట్టు దా."

ఉచ్చీరప్పకు కోపం వచ్చింది. అరుణను పిలిపించాడు.

"మిషనుకు మళ్లా ఒక మనిషి గావాలంటే మిషనెందుకమ్మా?"

అరుణ మధ్యాహ్నం దాకా తలుపు దగ్గర నిలబడి గమనించింది. మంచి పనిమంతురాలు. చేతుల ఎత్తు కూడా టేపుతో కొలిచి రాసుకుంది. తర్వాత మా ఇద్దరి ముందుకొచ్చి అడిగింది.

"సెన్సర్ కరెక్ట్‌గానే ఉంది సార్. కానీ చాలామంది చేతులు అంత కింద ఎందుకు పెడతారు? పైకి పట్టండి అని బోర్డు పెట్టినా పట్టడం లేదు."

ఉచ్చీరప్ప ఫ్యాను వైపు చూశాడు. నేను టేపు వైపు చూశాను. రూత్ బకెట్టు తీసుకుని పక్కకు పోయింది.

చివరికి అరుణే దారి చూపింది. కొత్త మోడల్ ఉంది. అడుగున్నర రేంజ్. చెయ్యి ఎంత కింద ఉన్నా పట్టుకుంటుంది. పాతవి వాపసు తీసుకుంటారు. కమిటీ సభ్యులు సంతకం చేస్తే చాలు.

"అది వచ్చినాక రూత్‌ను ఆ ఒక్క గంట పనికే పెడదాం" అన్నాడు ఉచ్చీరప్ప. తన సంతకం పెట్టి, ఫారం నా చేతికిచ్చి, టీ తాగడానికి పోయాడు.

ఫారం జేబులో పెట్టుకుని నేను చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. లోపల రూత్ వాళ్ల నాయన అయ్యన్న ఉన్నాడు. కూతురు సుగ్గికి పోవాల్సి వస్తోందని విని ఊరి నుంచి వచ్చాడు. అయ్యన్న మా చేన్లో ఇరవై ఏళ్లు పనిచేసినవాడు. నన్ను చూసి కండువా భుజం మీది నుంచి తీశాడు.

"బాగుండావా సామీ?"

"బాగుండాను. నువ్వు?"

"ఏదో అట్ల."

మిషను ముందు నిలబడి దోసిలి పట్టాడు. ఒక మూర కింద. నడుము వంచి, మోచేతులు కడుపుకు ఆనించి.

"నాయనా, పైకి పట్టు" అంది రూత్.

"సాల్లే పాపా."

"అంత కింద పడితే దానికి కనపడదు. పైకి, ఇంకా పైకి."

"తగుల్తాదేమో మే."

"తగిల్తే ఏమైతాది?"

అయ్యన్న మిషను వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

నాకు మా ఇంటి వసారా గుర్తొచ్చింది. మిట్టమధ్యాహ్నం, కలుపు తీసి వచ్చిన అయ్యన్న అరుగు కింద ఇలాగే దోసిలి పట్టేవాడు. చెంబు నా చేతిలో ఉండేది. చెంబుకూ దోసిలికీ నడుమ ఎంత దూరం ఉండాలో మాకు ఏ ఇంజనీరూ చెప్పలేదు. చిన్నప్పుడు ఒకసారి నేను చెంబు కాస్త కిందికి వంచితే మా అవ్వ లోపల నుంచి దగ్గింది. అంతే. మళ్లీ ఎప్పుడూ కొలత తప్పలేదు.

చూశారా! టచ్‌లెస్ టెక్నాలజీ ఇప్పుడు వచ్చిందని మురిసిపోతున్నాం. మా వసారాలో బ్యాటరీ లేకుండా, తాళం లేకుండా, ఒక్క చుక్క చెంబుకు వెనక్కి రాకుండా నలభై ఏళ్ల కిందటే నడిచింది. ఆ మోడల్‌కు రేంజ్ ఒక మూర. గ్యారంటీ ఎన్నాళ్లంటే, చెంబు పక్కన పెట్టేసి పాతికేళ్లయినా అయ్యన్న చేతులు ఇంకా అక్కడే ఆగుతున్నాయి.

నా చెయ్యి తెలివైనదేమీ కాదని అప్పుడు అర్థమైంది. దగ్గరికి పోవద్దని దానికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, అంతే.

రూత్ చేతిలో చీపురు ఉంది. నేను ఏమీ ఆలోచించలేదు. అయ్యన్నకు సబ్బు పడాలి కదా అని నా చెయ్యే మిషను కంటి ముందు పెట్టాను. సబ్బు దోసిట్లో పడింది. పడ్డాక చూసుకున్నాను. నా చెయ్యి పైన, అయ్యన్న దోసిలి కింద. అదే ఎత్తు. అంగుళం తేడా లేదు.

"దండం సామీ" అన్నాడు అయ్యన్న, చేతులు రుద్దుకుంటూ.

రూత్ నన్ను ఒకసారి చూసింది. చూసి నెమ్మదిగా అంది.

"మీరు తప్పుకోండి సార్. ఆ పని నాది."

తప్పుకున్నాను. ఆమె చీపురు గోడకు ఆనించి, వాళ్ల నాయన మణికట్టు పట్టుకుని రెండంగుళాలు పైకి లేపింది. ఆయన ఒక అంగుళం కిందికి దించాడు. ఆమె మళ్లీ లేపింది. కాంప్లెక్స్ కట్టినప్పటి నుంచి అంత జాగ్రత్తగా జరిగిన పని నేను చూడలేదు. మిషను మాత్రం ఇంకా ఇవ్వలేదు. దానికి నాలుగంగుళాల దగ్గరికి రావాలి.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఫారం తీశాను. సెన్సర్ దూరం అన్న చోట అడుగున్నర అని టైపు చేసి ఉంది. కొత్త మోడల్ వస్తే ఎంత సుఖం! అయ్యన్న ఎంత కింద పట్టినా అదే చూసుకుంటుంది. ఎందుకు కింద పట్టినావని ఎవరూ అడగక్కర్లేదు. ఎవరూ చెప్పక్కర్లేదు. ఉచ్చీరప్ప ఫ్యాను వైపు చూడాల్సిన పని కూడా తప్పుతుంది.

అడుగున్నర కొట్టేసి నాలుగంగుళాలు అని రాశాను. దాని కింద ఇంకో లైను రాశాను. "మిషను దగ్గర రూత్ ఉండాలి. పూర్తి రోజు."

ఉచ్చీరప్ప టీ తాగి వచ్చి చదివాడు. యాభై ఏళ్లలో నేను రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పడం ఆయన చూడటం అదే మొదలు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఇదేంటిదప్పా? ఆ యమ్మ ఎన్నాళ్లుండాల ఈడ?"

"అయ్యన్న చెయ్యి పైకి లేచేదాకా."

ఆయన అద్దాల తలుపులో నుంచి లోపలికి చూశాడు. లోపల రూత్ వాళ్ల నాయన మణికట్టు ఇంకా పట్టుకునే ఉంది.  తర్వాత పెన్ను తీశాడు.

"అంటే పర్మనెంటు అని రాసుకోనా?"

నేను ఏమీ అనలేదు. ఆయన ఏకగ్రీవం అని రాసుకున్నాడు.