కెప్టెన్ ఇంకా వేలాడుతూనే ఉన్నాడు

మానవజాతి సాధించిన ఘనవిజయాలన్నిటిలోకీ చదవకుండానే మెచ్చుకోగలగడం గొప్పది. ఈ సత్యాన్ని నేను కామిక్స్ మీద బ్లాగు పెట్టి, ఏడాదిపాటు నడిపి, స్వయంగా కనుగొన్నాను. ప్రథమ వార్షికోత్సవ సందర్భంగా పాఠకలోకానికి (అంటే మా అక్కకీ, బావకీ) ఈ నివేదికను సవినయంగా సమర్పించుకుంటున్నాను.

ముందు బ్లాగు ఎందుకు పెట్టానో చెప్పాలి. చిన్నప్పుడు నా దగ్గర ఒంటిచేతి కెప్టెన్ బొమ్మల కథ ఒకటి ఉండేది. అందులో కెప్టెన్ దీపస్తంభం కొసన ఇనుప కమ్మీ పట్టుకుని వేలాడుతుంటాడు. కింద సముద్రం. పైన విలన్ అతని వేళ్ళ మీద బూటు ఆనించి నవ్వుతుంటాడు. ఉన్నదేమో ఒక్కటే చెయ్యి. పేజీ తిప్పితే అట్ట. ఆఖరి పేజీని మా అక్క కత్తిరించుకుపోయి, 'ఓడరేవులు' అనే పాఠం కోసం చార్టు మీద అతికించింది. ఆ చార్టుకి మంచి మార్కులే వచ్చాయి, అది బడిలోనే ఉండిపోయింది; అక్కకేమో ఆ పేజీలో ఓడ తప్ప ఇంకేమీ గుర్తులేదు. కెప్టెన్ మాత్రం అప్పటినుంచీ అలాగే వేలాడుతున్నాడు. నాకు తల నెరిసింది కానీ అతను బతికాడో లేదో తెలియలేదు. నవ్వకండి, నాకిది నిజంగానే బాధ.

అందుకే బ్లాగులో వేసే ప్రతి టపా కిందా ఒక విన్నపం పెట్టేవాణ్ణి: "ఈ కథ ముగింపు తెలిసినవారు దయచేసి చెప్పగలరు."

టపా వేసిన వెంటనే మా కుటుంబ గ్రూపులో లింకు పెడతాను. అది తెరుచుకునేలోపే అక్క పంపిన బొటనవేలు వచ్చి వాలుతుంది. బావ ఇంకాస్త శ్రమజీవి, బ్లాగు దాకా వచ్చి మరీ వ్యాఖ్య రాస్తాడు. కెప్టెన్ కథకు ముగింపే లేదని నేను మొదటినుంచి చివరిదాకా మొత్తుకున్న టపా కింద ఆయన రాసింది ఇది: "ముగింపు అదిరింది బామ్మర్దీ!"

మా ఆవిడది వేరే పద్ధతి. ఆమె మెచ్చుకోదు, కాబట్టి చదవకపోయినా తప్పు పట్టడానికి లేదు.

"అంత గింజుకునే బదులు మీరే ఏదో ఒక ముగింపు రాసేసుకోవచ్చుగా?" అంది ఒకరోజు.

"అది ఫోర్జరీ అవుతుంది."

"వేలాడేవాడికి అవన్నీ పట్టవులెండి" అంది.

ఏడాది నిండబోతుండగా, నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఫోను మోగింది. (నాది నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగం. ఫిర్యాదు అందిందని చెప్పడం నా పని. అంతకు మించి నాకు అధికారం లేదు.) 'పాతసంచిక' అనే పేరుతో ఎవరో వ్యాఖ్య పెట్టారు. తెర మీద మొదటి ముక్క కనిపించింది: "నా దగ్గర ఆ పుస్తకం పూర్తిగా ఉందండీ. ఆఖరి పేజీలో కెప్టెన్..."

మిగతాది చదవాలంటే నొక్కాలి. కౌంటరు దగ్గర ఒక పెద్దాయన తన కుళాయి కష్టాలు చెప్పుకుంటున్నాడు. ఆయనకు ఫిర్యాదు అందిందని చెప్పి పంపించాను. ఇన్నేళ్ళు ఆగినవాణ్ణి, హడావిడిగా చదవడం కెప్టెన్‌కి మర్యాద కాదనిపించింది. టీ వేళ దాకా ఓపిక పట్టి, మేడ మెట్ల మీద కూర్చుని, తీరిగ్గా నొక్కాను.

"ఈ వ్యాఖ్య తొలగించబడింది. కారణం: కథ ముగింపును బయటపెట్టడం. ఇట్లు, ముగింపుల రక్షణ విభాగం."

ఆ ముగింపు కోసమే బ్లాగు పెట్టానని, చెప్పమని అడిగింది కూడా నేనేనని బ్లాగు సైటు వాళ్ళ ఆ విభాగానికి రాశాను. సహాయమిత్ర అనే అధికారి (మనిషి కాదు, అయినా చాలా మర్యాదస్తుడు) క్షణంలో జవాబిచ్చాడు. ముగింపు తెలియని వారిని ముగింపు బారినుంచి కాపాడటమే విభాగం ఆశయమట. "మీకు ముగింపు తెలియదని మీరే అంగీకరిస్తున్నారు. కనుక మీరు రక్షణకు సంపూర్ణ అర్హులు."

తొలగించిన వ్యాఖ్యను తిరిగి చూసే సౌకర్యం ఏదైనా ఉందా అని అడిగాను. ఉందిట. ఆ వ్యాఖ్యలో ఏముందో ఉన్నదున్నట్టు రాసి పంపితే, సరిపోల్చి చూపిస్తారట. పాతసంచిక గారి ఖాతాను మాత్రం శాశ్వతంగా మూసేశారట. చివరన "మీ ఫిర్యాదు అందింది" అని ఉంది. ఆ మాట అందుకునేవాళ్ళకి ఒళ్ళు మండుతుందని మా కౌంటరు దగ్గర చాలామంది చెప్పారు. (వారి ఫిర్యాదు కూడా అందింది.)

సాయంత్రం అక్క ఫోను చేసింది. గొంతులో విజయోత్సాహం.

"ఒరేయ్, మీ బావ కామెంటుకి లైకులేమైనా వచ్చాయేమోనని నీ బ్లాగులోకి వెళ్ళానా, అక్కడెవడో కథంతా చెప్పేస్తున్నాడురా! ఊరుకుంటానా? రిపోర్టు కొట్టి పారేశా."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"పోనీలే అక్కా, నువ్వు చూశావుగా. కెప్టెన్ ఏమయ్యాడు?"

"ఏ కెప్టెన్?"

"వేలాడుతున్నాడే, ఆ కెప్టెన్!"

"చాంతాడంత రాస్తే ఎవరు చదువుతార్రా? పై లైనూ, చివరి లైనూ చూశానంతే."

ఆశ చావలేదు. "చివరి లైన్లో ఏముంది?"

"'మీ టపాలన్నీ చదివాను, చాలా బాగా రాస్తున్నారు' అని ఉంది. అప్పుడే అర్థమైపోయింది, వాడెవడో మోసగాడని."