నాలుగు రకాల దుర్గాలూ, మా బి బ్లాకూ

గేటెడ్ కమ్యూనిటీలను తిట్టిపోసే వాళ్ళందరికీ ముందుగా నా సానుభూతి. పాపం, మీరు ఇళ్ళలో ఉంటున్నారు. నేను దుర్గంలో ఉంటున్నాను.

ఏముందిలే, మాటే కదా అనుకుంటున్నారా? మునుపు ఇళ్ళకి ఏం పేర్లు పెట్టేవారు? నిలయం, నివాసం, కుటీరం. కుటీరమట! నాలుగో అంతస్తులో కాపురముంటూ కుటీరవాసినని చెప్పుకుంటే ఎవడు లెక్కచేస్తాడు? అదే "దుర్గం, బి బ్లాకు" అనండి. కొరియర్ మనిషి కూడా ఒక్క క్షణం నిటారుగా నిలబడతాడు.

ఈ దుర్గానికి సంక్షేమ సంఘం కార్యదర్శిని నేనే. పదవి వచ్చిన వారంలోనే నిఘంటువు ముందేసుకుని, "కోట" అన్న మాట దగ్గర వేలు పెట్టి కూర్చున్నాను. అగడ్త, అలంగం, బురుజు, కొత్తళం... ఇన్ని మంచి మాటలు తుప్పుపట్టి పడివుంటే చూస్తూ ఊరుకుంటానా? వెంటనే సర్క్యులర్ తీశాను. గేటు పక్కనున్న మురిక్కాలువ ఇకమీదట అగడ్త. వాచ్‌మన్ కూర్చునే రేకుల గది బురుజు. వాచ్‌మన్ దుర్గపాలుడు.

సర్క్యులర్ అందుకుని ఆయన, "కుర్చీ కూడా మారుస్తారా సార్? దీనికి మూడు కాళ్ళే ఉన్నాయి," అన్నాడు. చరిత్ర మీద ఆసక్తి లేని మనిషి.

గిరిదుర్గం, జలదుర్గం, వనదుర్గం, మరుదుర్గం అని పాతకాలంలో దుర్గాలు రకరకాలు. రాజులకి ఒక్కొక్కటి కట్టుకోవడానికే తరాలు పట్టేది. మా బిల్డరు నాలుగూ ఒకే గేటు లోపల ఇచ్చాడు. లిఫ్టు ఆగిన రోజు మాది గిరిదుర్గం. గట్టి వాన పడితే సెల్లారులో కార్లు తేలతాయి, జలదుర్గం. బ్రోచర్లో పార్కు చూపించిన చోట నడుమెత్తు పిచ్చిమొక్కలున్నాయి, అది వనదుర్గం. ఎండాకాలం కుళాయి తిప్పితే గాలి బుస్సుమంటుంది. మరుదుర్గానికి అంతకన్నా ఏం కావాలి?

పత్రికలవాళ్ళకీ కోట అన్న మాటంటే మహా మోజు. ఏ నియోజకవర్గం చూసినా ఎవరిదో ఒకరి కంచుకోట. ఓట్లు లెక్కపెట్టిన సాయంత్రానికి అది కాస్తా బద్దలు. మాది అలా బద్దలయ్యే రకం కాదు. ఇంట్లోవాళ్ళు ఫోన్లో "అనుమతి" నొక్కితే తప్ప గేటు దగ్గర ఎవరినీ వదలకూడదు. ఆ రూలు స్వయంగా నేను రాశాను. దోమలు యాప్ వాడవు కాబట్టి వాటికి మినహాయింపు.

ఇంత వైభవాన్నీ ఒప్పుకోని మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు. మా అక్కయ్య. రిటైరైన బస్ కండక్టరు. అమ్మ పోయాక నన్ను పెంచి పెద్దచేసింది ఆవిడే. రెండేళ్ళ కిందట కొత్త ఫ్లాటు చూడ్డానికి వచ్చి, తలెత్తి పైదాకా చూసి, "అగ్గిపెట్టెలు పేర్చినట్టుంది. దీన్ని కోటంటార్రా?" అంది. నాకు ఒళ్ళు మండింది. "నీకు కుళ్ళు" అన్నాను. అక్కయ్య చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు.

పోయిన వారం నేనే దిగొచ్చాను. "ఒక్కసారి రా అక్కయ్యా, నువ్వు లేకుండా ఏమీ బాగాలేదు" అని మెసేజ్ పెట్టాను. రెండు రోజులకి జవాబొచ్చింది. "ఆదివారం." అంతే. ఆ ఒక్క మాటని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పను. కార్యదర్శిని కదా, పరువుంటుంది.

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని సోఫాలో కూర్చున్నాను. పదైంది, పదకొండైంది, పన్నెండైంది. అక్కయ్య రాలేదు. ఇంకా కోపం చల్లారలేదన్నమాట. ఒంటిగంటకి ఉండబట్టలేక కిందికి దిగాను, మెట్ల మీదుగానే. ఆ రోజు మాది గిరిదుర్గం.

"ఎవరైనా వచ్చారా?" అని అడిగాను.

"ఒక పెద్దావిడ వచ్చారు సార్. మీ అక్కగారినన్నారు. యాప్‌లో పంపాను, మీరు నొక్కలేదు. ఇంటర్‌కామ్ పాడైంది. గంటసేపు ఈ కుర్చీలోనే కూర్చుని వెళ్ళిపోయారు. లోపలికి పంపేద్దామనే అనుకున్నా గానీ, రూలు మీదే కదా సార్."

మా గోడలు ఎంత దిట్టమంటే, బి బ్లాకు లోపలికి సిగ్నల్ కూడా దూరదు. శత్రువుల ఫోన్లు పనిచెయ్యవని మీటింగులో గొప్పలు పోయింది కూడా నేనే. గేటు దగ్గరికొచ్చాక నా ఫోను టింగుమంది. "మీ కోసం ఒక అతిథి వేచి ఉన్నారు."

దుర్గపాలుడు రిజిస్టరు నా ముందుకి తోశాడు. కండక్టరు చేతిరాత, గుండ్రంగా ఉంది. పేరు: అక్క. ఎవరిని కలవాలి: ఖైదీ, బి బ్లాకు, నాలుగో అంతస్తు. వచ్చిన పని: ములాఖత్. లోపలికి వెళ్ళిన సమయం దగ్గర చిన్న గీత.

నిఘంటువు అంతా నమిలేసినట్టు ఇందాక మీ దగ్గర పోజు కొట్టాను. నిజానికి "కోట" దగ్గరే ఆగిపోయాను. ఇంకొన్ని పేజీలు తిప్పివుంటే "ఖైదు" తగిలేది. ఎత్తు గోడ, ఒకటే గేటు, కాపలా మనిషి, రిజిస్టరు. రెండింటికీ సరంజామా ఒకటే.

గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళి ఫోన్ చేశాను. రింగవుతున్నంతసేపూ ఏం చెప్పాలో వెతుక్కున్నాను. కొత్తళం గుర్తొచ్చింది, అలంగం గుర్తొచ్చింది గానీ, పనికొచ్చే మాట ఒక్కటీ దొరకలేదు. అక్కయ్య ఫోనెత్తింది. ఆ గొంతు విని రెండేళ్ళయింది.

"ఏరా, పెరోల్ ఎన్నాళ్ళిచ్చారు?"