ప్రెసిడెంటు గారు డ్రోను ఎగరేసిన వైనం

ఢిల్లీశ్వరరావు కథ చెప్పాలంటే ముందు ఒక మాట చెప్పాలి. అది చెబితే నాకు ఒళ్ళు మండుతుంది, అయినా చెబుతాను. వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఆ ఊళ్ళో ఐదేళ్ళు సర్పంచిగా ఉన్నది అతని భార్య కళావతి. ఓట్లు పడింది ఆమెకు, ప్రమాణం చేసింది ఆమె. ఊరు మాత్రం ప్రెసిడెంటు గారూ అని పిలిచింది ఢిల్లీశ్వరరావుని. మరి కళావతిని ఏమనేవారయ్యా అంటే, ప్రెసిడెంటు గారి భార్య అనేవారు.

కుర్చీలో అతను, కాగితం కింద సంతకం ఆమెది. ఆగస్టు పదిహేనున జెండా కూడా అతనే ఎగరేసేవాడు. సర్పంచి గారేమో పక్కన చాక్లెట్ల పళ్ళెం పట్టుకుని నిలబడేది. ఊళ్ళో ఒక్కరికీ ఇది వింతగా తోచలేదు, చూడండి.

పదవి దిగిపోయాక ఢిల్లీశ్వరరావుకి ఏమీ తోచలేదు. అలాంటి సమయంలో ఊరి మహిళా సంఘానికి మందు కొట్టే డ్రోను మంజూరైంది. జీడిచెట్లు పూతకొస్తే పైకొమ్మలకి మందు అందక రైతులు నానా అవస్థా పడతారు కాబట్టి అది జీడితోటల ఉద్దానం ప్రాంతానికి బాగా పనికొచ్చే యంత్రం. షరతు ఒక్కటే. ఎగరేసేది సంఘంలోని ఆడమనిషే కావాలి. పదిహేను రోజులు శిక్షణకెళ్ళి పరీక్ష పాసవ్వాలి. నీళ్ళూ బ్యాటరీలూ మోయడానికి ఇంట్లోంచి ఒక సహాయకుడు ఉండాలి.

ఆ రాత్రి ఢిల్లీశ్వరరావు అన్నం తింటూనే తన పథకం బయటపెట్టాడు.

"ఒలే కళా, నీ పేరు రాయించీసినాను. ఎగరేసేది నాను."

"మరి ట్రైనింగో?"

"నువ్వే ఎల్లు. వెనక బెంచీలో కూకోని, ఆళ్ళు సంతకం ఎక్కడ పెట్టమంతే అక్కడ పెట్టీసి రా. నీకు అలవాటున్న పనే కదేటి."

కళావతి అతని అన్నంలో మజ్జిగ పోసింది. ఆమె ఇంటర్లో ఎంపీసీ. టెక్కలి కాలేజీలో లెక్కల్లో ఆమెదే మొదటి మార్కు. ఇంజనీరింగు సీటు వచ్చింది కూడా. మగపిల్లలతో బస్సులో ఏం వెళ్తావని పుట్టింటివాళ్ళు ఆపేశారు. పెళ్ళిచూపుల్లో ఢిల్లీశ్వరరావు చదువుకున్న పిల్లే కావాలన్నాడు, ఇంకా చదువుతానంటే మాత్రం వద్దన్నాడు. ఆ చదువంతా ఇరవై ఏళ్ళుగా ఇంట్లో మిక్సీలూ నీళ్ళ మోటార్లూ బాగుచెయ్యడానికి ఉపయోగపడుతోంది.

దరఖాస్తు అతనే నింపాడు. సహాయకుడు అనే గడిలో ఎవరో ఒకరి పేరు ఉండాలి కదా అని తన పేరే రాసేసుకున్నాడు. కింద సన్న అక్షరాల్లో ఏముందో చదవలేదు. ఐదేళ్ళూ కాగితాలు చదివింది కళావతే కనక అతనికి ఆ అలవాటు లేదు.

ఆమె శిక్షణకి గుంటూరు వెళ్ళిన పదిహేను రోజులూ అతను పలాస హోటల్లో ఇడ్లీలు తిని బతికాడు. పదో తరగతి చదివే కూతురు ప్రమోదిని సాయంత్రమయ్యేసరికి అమ్మ కబుర్లు చెప్పేది. అమ్మ డ్రోను మొత్తం విప్పి బిగించిందట, గాలి వేగం లెక్కకట్టి చెప్పిందట, రాతపరీక్షలో అందరికన్నా ముందుందట. తను కూడా పాలిటెక్నిక్ చేస్తానంది. నట్లూ బోల్టులూ ఆడోలకెందుకే అని ఢిల్లీశ్వరరావు కొట్టిపారేశాడు.

అతనికి అంతకన్నా పెద్ద పని ఉంది. కాశీబుగ్గలో ఫ్లెక్సీ కొట్టించాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆకాశంలోకి వేలు చూపిస్తున్న నిలువెత్తు ఢిల్లీశ్వరరావు, కింద 'ఉద్దానం గగనవీరుడు డ్రోన్ ఢిల్లీశ్వరరావు' అని అక్షరాలు. కళావతి ఫొటో కూడా ఉంది, ఎందుకుండదు. ఫ్లెక్సీ షాపువాడి ఫోన్ నంబరు పక్కన, తపాలా బిళ్ళంత.

కళావతి సర్టిఫికెట్టుతో ఇంటికొచ్చి ముందు ఆ ఫ్లెక్సీనే చూసింది. తెల్లారితే వ్యవసాయాధికారి వచ్చి ఎగరేయించి చూస్తారు. సరిగ్గా ఎగరేయలేకపోతే డ్రోను హరిశ్చంద్రపురం వైపు ఇంకో సంఘానికి పోతుంది.

"మావా, నువ్వు ముట్టుకోకు," అంది. "సదువు పోనాది, ఊరుకున్నాను. కుర్చీ పోనాది, ఊరుకున్నాను. ఇది మాత్రం నా సేతుల్తో ఎగరేత్తాను."

"జెండా ఎగరేసినోన్ని, డ్రోను ఎగరెయ్యలేనేటి?"

ఆమె సర్టిఫికెట్టు బీరువాలో పెట్టింది. తర్వాత సరే, ముందు నువ్వే ఎగరెయ్యి, రా నేర్పుతాను అంది. ఇరవై ఏళ్ళ కాపురం చేసిన మగవాడికి అక్కడ అనుమానం రావాలి. రాలేదు.

పొద్దున్నే జీడితోటలో కళావతి ఖాళీ జాగా చూసి చుట్టూ తాడు కట్టింది. రిమోట్ తెర మీద ఏవేవో నొక్కి సరిచూసుకుంది. ట్యాంకులో అసలు మందే పొయ్యమని ఢిల్లీశ్వరరావు చెప్పినా వినకుండా వేపనూనె నీళ్ళు పోసింది. అతనేమో ఫొటో బాగా వస్తుందని తాడు లోపలే కుర్చీ వేయించి, వెనకాల ఫ్లెక్సీ కట్టించాడు.

"తాడు లోపలికి ఎవులూ రాకూడదు మావా," అంది.

"నాను ఎవులోనా?" అన్నాడు.

జీపు వచ్చింది. ఢిల్లీశ్వరరావు దండ పట్టుకుని పరుగెత్తి, ముందు దిగిన మీసాలాయన మెడలో వేసి నమస్కారం పెట్టాడు. ఆయన డ్రైవరు. వ్యవసాయాధికారి హేమ వెనక సీట్లోంచి తనే తలుపు తీసుకుని దిగింది. ఇది ఈ నెలలో నీకు పడ్డ నాలుగో దండ అని డ్రైవరుతో అంది. ఆమె గొంతులో నవ్వు లేదు.

ఢిల్లీశ్వరరావు రిమోట్ అందుకుని కుర్చీలో కూర్చోగానే హేమ ఇదేమిటని కళావతిని అడిగింది.

"ఐదేళ్లు నా కుర్చీలో కూకున్నారు మేడం. ఐదు నిమిషాలు ఇది కూడా పట్టుకోనియ్యండి. ఊరు మొత్తం సూడాల. తాడు ఇవతల ఎవులికీ ఏటీ కాదు, నాది పూచీ."

డ్రోను లేచింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. నల్లకళ్ళద్దాలు సర్దుకుని అతను రిమోట్ మీది పుల్లని ముందుకు తోశాడు. అది తాడు దాకా వెళ్ళి టక్కున ఆగిపోయింది. ఇంకోవైపు తోశాడు, అక్కడా ఆగింది. కోపంతో రెండు పుల్లలూ ఒకేసారి లాగాడు. అది వెనక్కొచ్చి సరిగ్గా అతని నెత్తిమీద నిలబడింది.

దాన్ని పొమ్మనడానికి ఏదో మీట నొక్కాడు. అది మందు కొట్టే మీట. వేపనూనె ధారలుగా దిగింది. కుర్చీలోంచి లేచి పరుగెత్తాడు. పరుగెత్తుతూ బొటనవేలు పుల్ల మీదే ఉంచాడు కనక అది కూడా వెంట వచ్చింది. కుర్చీ చుట్టూ మూడుసార్లు తిరిగారు ఇద్దరూ. ప్రెసిడెంటు గారికి ఒక్కరికే వాన కురుత్తందని తాడు బయట సన్యాసి అనే రైతు మెల్లగా అన్నాడు. ఆ రెక్కల గాలికి ఫ్లెక్సీ నిలువునా చిరిగి గగనవీరుడు జీడిచెట్టు ఎక్కేశాడు. కర్రకి మిగిలింది ఫోన్ నంబరూ, దాని పక్కన కళావతి ఫొటో.

అప్పుడు కళావతి తాడు ఎత్తి లోపలికి నడిచింది. అతని చేతిలోంచి రిమోట్ తీసుకుని తెర మీద ఏదో నొక్కింది. డ్రోను పక్కకు జరిగి నెమ్మదిగా నేలమీద దిగింది.

"మిషన్లో లోపముంది," అన్నాడు ఢిల్లీశ్వరరావు కళ్ళు తుడుచుకుంటూ.

"ఏ లోపం లేదు. తాడు దాటకుండా, మూడు నిలువుల ఎత్తు కిందకి దిగకుండా పొద్దున్నే రిమోట్లో నాను గిరి కట్టీసినాను. అందుకే బతికినావు. నెత్తి మీదకి తెచ్చుకున్నది నువ్వే." ఆమె రిమోట్ పైకెత్తి చూపించింది. "నా ఓట్లు నీయి, నా కుర్చీ నీది, నా పరీక్ష కూడా నీదేనా మావా? ఆ పదిహేను రోజులూ వెనక బెంచీలో కూకోలేదు నాను. ముందు బెంచీలో కూకున్నాను. ఇరవై ఏళ్ల తర్వాత కూకున్నాను."

ఆమె తాడు గిరి కూడా తీసేసి, ట్యాంకు నింపి, మళ్ళీ లేపింది. డ్రోను పూతమీదుగా వరస తప్పకుండా వెళ్ళింది, మలుపు తిరిగింది, ఒక్క కొమ్మ తగలకుండా వచ్చి లేచిన చోటే దిగింది. చప్పట్లు ముందు కొట్టింది ప్రమోదిని.

హేమ రిజిస్టరు తీసి పైలట్ గడిలో కళావతి పేరు రాసింది. సర్టిఫికెట్టు లేని మనిషి చేతికి రిమోట్ ఇంకొక్కసారి కనిపిస్తే డ్రోను జీపెక్కుతుందని ఇద్దరికీ గట్టిగా చెప్పింది. తర్వాత ఢిల్లీశ్వరరావు స్వహస్తాలతో నింపిన దరఖాస్తు తెరిచి సన్న అక్షరాలు పైకి చదివింది. సహాయకుడు నీళ్ళు మోయాలి, ట్యాంకు కడగాలి, బ్యాటరీలు చార్జి చెయ్యాలి, రిమోట్ ముట్టరాదు.

"అది పేరుకి రాసింది మేడం," అన్నాడతను.

"నా పేరు కూడా పేరుకేననుకున్నావు," అంది కళావతి.

ఇప్పుడు పూతకాలం. పొద్దున ఆరింటికే తోటల్లో డ్రోను మోత వినిపిస్తుంది. రెండు బకెట్లతో ఢిల్లీశ్వరరావు వెనక నడుస్తుంటాడు. ఊరు అతనికి కొత్త పేరు పెట్టింది, పైలట్ గారి మొగుడని. ప్రమోదిని పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష దరఖాస్తు మీద సంతకం కూడా అతనే పెట్టాడు. ఎక్కడ పెట్టాలో కళావతి వేలితో చూపించింది.

మొన్న ఇచ్ఛాపురం నుంచి ఎవరో రైతు ఫ్లెక్సీ షాపువాడి దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాడు. డ్రోన్ ఢిల్లీశ్వరరావు గారేనా, ఎప్పుడొస్తారని అడిగాడు. ఢిల్లీశ్వరరావు ఒక్కక్షణం ఛాతీ పొంగించాడు.

"బ్యాటరీ," అంది కళావతి, ఆకాశంలోంచి చూపు తిప్పకుండా.

"ఉండండి బాబూ, మేడంగారిని అడిగి సెప్తాను," అని ఫోన్ జేబులో పెట్టుకుని అతను బ్యాటరీ కోసం పరుగెత్తాడు.