ఊతపుల్లల మహాసంగ్రామము

స్వస్తి! మాఘమాసపు ఆదివారమునాడు, ఎచ్చెర్లకు అనతిదూరమున, కోతలు ముగిసి కొయ్యకాళ్లు మాత్రమే శేషించిన వరిమడియందు, సూర్యభగవానుడు తాటితోపు దాటుచుండగా, ముప్పదియొక్క సంవత్సరములు బస్సు డిపోలో నట్లను బోల్టులను శాసించి పదవీవిరమణ చేసిన మహావీరుడును, స్పానరుధారియును, గ్రీజుభూషణుడును అగు కూర్మయ్య, స్వహస్తనిర్మితమైన రిమోటు విమానము ఎదుట మోకాళ్లపై కూలబడి యుండెను.

ఆ విమానమునకు రెక్క పైన, పొట్ట క్రింద. రెంటిని కలుపుచు ఇరువైపుల చెరియొక ఊతపుల్ల. అవి లేనిచో గాలిలో రెక్క ముడుచుకొనును. పుల్లల కొనలు నాలుగు. నాలుగింటికి నాలుగు బోల్టులు, నాలుగు నట్లు, చీమతలంత వాషర్లు నాలుగు! బస్సు చక్రమునకు ఏది ధర్మమో బాల్సా యను దూదివంటి తేలిక కర్ర పుల్లకును అదియే ధర్మమని ఆయన సిద్ధాంతము. ఆ సిద్ధాంతము పుణ్యమా అని గడచిన మూడు ఆదివారములును నట్లు జారిపడుట, వాటిని వెదకుట, అంతలో తొమ్మిది గంటల సముద్రపుగాలి లేచుట, విమానము ఎగురకయే ఇంటికి మరలుట జరిగెను. నేడును అట్లే జరిగినచో దానిని అటకెక్కించి మరల ముట్టనని నిన్న చుట్టాలందరి యెదుట నోరు జారెను పాపము. రాత్రి నిద్ర పట్టలేదు.

ఎనిమిదిన్నరకు మొదటి నట్టు పడెను.

"ఏటి బావా, ఇంకా అవనేదా? నాను రెండుసార్లు ఎగరేసీసినాను," అని థర్మకోలు విమానధరుడైన బామ్మర్ది గంగులు పలికెను.

కూర్మయ్య కనుబొమలు ముడివడెను. "ఓరీ నట్టాధమా! ఇరుసులయందు నీ తాతముత్తాతలను బిగించిన ఈ చేతులనుండి జారి గడ్డిదుబ్బుల మాటున డాగెదవా? వెలికి రమ్ము, పోరాడుము!" అని మనసున గర్జించి, పైకి మాత్రము, "ఒసే తవిటీ, మళ్లీ పడిపోనాదే," అనెను.

గట్టుపై టీ ఫ్లాస్కుతో కూర్చున్న ధర్మపత్ని తవిటమ్మ లేచి వచ్చెను. "బస్సేటి ఇది, ఇన్ని నట్లెట్టీసినావు? పుల్లే కదా!" అనుచు, అక్షయతూణీరమగు తన గాజులకు వేలాడుచున్న పిన్నీసులలో ఒకదానిని తీసెను.

"పిన్నీసా! ఊడిపోద్దే!"

"నా సీర కుచ్చిళ్లని పొద్దున్నుంచి రేతిరి దాకా ఆపుతన్నాది. నీ పుల్లనాపదేటి?"

వీరుడు స్పానరు క్రింద పెట్టి పుల్లను పట్టుకొనెను. పిన్నీసు పుల్ల రంధ్రమునుండియు, దాని కెదురుగా నున్న రేకు రంధ్రమునుండియు దూరి టక్కున మూసుకొనెను. ఒకటి. రెండు. మూడు. జారునది లేదు, వెదకునది లేదు! కాని హా విధీ, తూణీరము రిక్తమయ్యెను. తాటాకులు గలగలలాడసాగెను. గాలి వచ్చుచున్నది.

తవిటమ్మ క్షణకాలము భర్త ముఖము చూచెను. భుజమున పైటకున్న పిన్నీసును తటాలున తీసి, కొంగును నడుమున దోపి, "ఇదిగో, ఎట్టీ," అనెను.

విమానము లేచెను! గంగులు నెత్తిపై ఒక చుట్టు చుట్టి, ఎదురుగాలికి తూలి, గట్టుకు ముక్కు గుద్దుకొని వాలెను. కూర్మయ్య పరుగున పోయి తడిమి చూచెను. రెక్క ముడుగలేదు. నాలుగు పిన్నీసులును చెక్కుచెదరలేదు.

"ఎగిరినాదే, తవిటీ!" అనెను. ఆయన కన్నులు చెమర్చెను.

"సూసినాన్లే. ముందు నా పైట పిన్నీసు ఇచ్చెయ్. బస్సెక్కాల."

ఆ దినమున జంక్షనులోని ఫ్యాన్సీ దుకాణమున కూర్మయ్య డజను పిన్నీసులు కొనెను. తవిటమ్మ ఎనిమిదింటిని గాజులకు తగిలించుకొని, మిగిలిన నాలుగింటిని భర్త చొక్కా జేబుపై వరుసగా గుచ్చెను. ఏ రాజును ఏ సేనానికిని అంతటి పతకములను ఒసగియుండడు. ఆయన ఆ చొక్కాను మూడు రోజులు ఉతకనీయలేదు.

ఇది వినినవారి చేజారిన నట్లు మంచము క్రిందికి దొర్లకుండుగాక!