పోశం పక్కగదికి పర్మిషను సాధించిన వైనము

ప్రాణహిత గోదావరిలో కలిసి తన పేరు తాను మరచిపోవు సిరొంచ సీమయందు, వరికోతలు ముగిసి రైతుల చేతులు ఖాళీయై నోళ్లు మాత్రము పనిలో పడిన మార్గశిరమాసమున, ఒక చిన్న పల్లెలో జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను, చెవులొగ్గి వినుడు. ఇందు ఏనుగులు లేవు, గుర్రములు లేవు. అహంకారమందురా, ఏ రణరంగమునకును తీసిపోదు.

ఆ పల్లెయందు పోశం అను వరిరైతు కలడు. అతడు, భార్య ఎల్లక్క, కొడుకు అజయ్‌కుమార్, కొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు నిఖిత, అందరికిని ఒక్కటే గది. నడుమ వ్రేలాడు పాతచీరయే నవదంపతులకు కోటగోడ. ఆవల పోశం దగ్గిన చాలు, ఈవల ప్రణయము పలాయనము చిత్తగించును. కావున ఇంటి పక్కన ఇంకొక గది వేయ నిశ్చయించి, మీసము దువ్వి, కండువా దులిపి, ఆ వీరాగ్రేసరుడు పంచాయతీ పర్మిషనుకై కదలెను.

పర్మిషను కాగితముపై ముద్ర వేయు గ్రామసేవకుడు సామాన్యుడా! వెదకిన కొలది అదృశ్యమగు మాయావి. పంచాయతీలో అడిగిన "సిరొంచల మీటింగున్నది" అందురు. సిరొంచలో అడిగిన "మీ ఊరికే పోయిండు" అందురు. తుదకు ఒక ఉదయమున చాయ్ హోటలు బల్లపై బజ్జీభక్షణదీక్షాతత్పరుడై యుండగా పోశం చేత చిక్కెను. నోటిలోనిది మింగకమునుపే ఆ ప్రభువు తీర్పు చెప్పెను.

"పక్కింటోళ్ల 'నా హరకత్' కాగితం తే. మాకు అభ్యంతరం లేదని వాళ్ల సంతకం లేకుంటే పర్మిషన్ రాదు."

పక్కింటివాడెవడు? పోశమునకు స్వయానా అన్న, గణపతి! పూర్వమొక పెండ్లివిందులో నల్లిబొక్క తన విస్తరిని దాటి తమ్ముని విస్తరిలో పడెనను ఘోరావమానమునకు నాటినుండి మాటలు మానిన మహామానధనుడు.

పోశం ఇల్లు చేరి గర్జించెను. "వాని కాళ్లు పట్టుడా? గోదావరి ఎన్కకు పారినా పట్ట! నా జాగ, నా ఇటుక, నా ఇల్లు! నడుమ వాని సంతకమేంది?"

"అట్లయితే ఊకో," అనెను ఎల్లక్క. "కోడలు పొల్ల పాతగూడెంల తల్లిగారింటికి పోతనని సంచి సదురుతున్నది. అది పోయినంక గది ఎవరికి కడ్తవు, ఎడ్లకా?"

శౌర్యము తక్షణమే దిగజారెను. కంచెకు చెరియొక వైపున సోదరులు నిలిచిరి. చేయి చాచిన అందునంత దూరముననుండియు ఒకరి మొగమొకరు చూడక, ఎల్లక్కను రాయబారిగా నిలిపి వాగ్బాణములు సంధించిరి.

"ఎల్లక్కా, వాన్ని అడుగు," అనెను గణపతి. "చూరు నీళ్లు ఎవరి వాకిట్ల పడ్తయి?"

"నా దిక్కే పడ్తయని చెప్పు ఎల్లీ!"

"మరి కిటికీ? నా వాకిలి దిక్కు కిటికీ పెడితే సంతకం జెయ్య. మేమేం తింటున్నమో వాడు చూసుడెందుకు?"

ప్రళయకాలమేఘమువలె పోశం ఉరిమెను. "కిటికీ లేని గదా! గాలి లేని బతుకా! పానమన్న ఇడుస్త గని కిటికీ ఇడువ!"

ఎవరికొరకు గదియో ఇరువురును మరచి, లేని గదికి లేని కిటికీకై గొంతులు చించుకొనుచుండగా, సంచి చేతబట్టుకొని నిఖిత వాకిటికి వచ్చెను.

"మామా, కిటికీ లేకున్నా మంచిదే," అనెను నేల చూచుచు. "తలుపుంటే సాలు. దానికి లోపట గొళ్లెం ఉంటే సాలు."

అజయ్‌కుమార్ చెవులు మోదుగుపూలాయెను. పోశం దగ్గబోయి మానెను. ఎల్లక్క కొంగు నోటికడ్డము పెట్టుకొనెను.

గణపతి మాత్రము కంచెమీదుగా చేయి చాచి, ఇన్నేండ్లకు తమ్మునితోనే నేరుగా పలికెను. "పెన్ను తేరా."

తరువాత గ్రామసేవకుడు మరల కొన్నాళ్లు మాయమై, మరల దొరకి, ఆరిన సిరా ముద్రపై ఊది ఊది కాగితముమీద గ్రుద్దెను. ఇట్లు సిరొంచ సీమయందు కిటికీ లేని పక్కగదికి పర్మిషను లభించెను! పోశం ఆ పత్రమును ధ్వజమువలె ఎత్తిపట్టి, ఎవరును అడుగకున్నను వీధివీధినా చూపెను. ఇటుక ఒక్కటియు పడలేదు. గోడ లేదు, కప్పు లేదు, తలుపు లేదు.

అజయ్‌కుమార్ మాత్రము ఆ సాయంత్రమే సిరొంచకు పోయి గొళ్లెము కొని తెచ్చెను.