రావుగారు డెస్క్‌టాప్ ఖాళీ చేసిన శుక్రవారం

ఆ శుక్రవారానికి కుక్కుటేశ్వరరావు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఎనిమిదింటికి పెసరట్టు తినడం, తొమ్మిదింటికి స్నానం, పదింటికి రమణమ్మ వస్తే పదకొండింటికి కంప్యూటర్‌లో ఆమెకి మనవణ్ణి చూపించడం. మధ్యలో ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా అరగంట ఖాళీ మిగిలింది. ఆ అరగంటే కొంప ముంచింది.

రావుది పిఠాపురం, ఉండేది కువైట్‌లో. సబ్హాన్‌లో ఏసీ విడిభాగాల గోడౌన్‌కి పదకొండేళ్లుగా స్టోర్‌కీపరు. భార్య అరుణజ్యోతితో అబూ హలీఫాలో నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉంటాడు. మనిషి మంచివాడే కానీ మూత ఉన్న వస్తువు కనపడితే చెయ్యి ఊరుకోదు. పెళ్ళైన కొత్తలో గోడగడియారం విప్పి, మళ్ళీ బిగించాక రెండు స్క్రూలు మిగిలితే "కంపెనీవాడు ఎక్కువ వేశాడు" అన్నాడు. ఆ గడియారం ఇప్పటికీ నడుస్తోంది. గంటలు మాత్రం కొట్టదు.

వాళ్ళింట్లో కంప్యూటర్ గోడౌన్ ఆఫీసులో తీసేస్తుంటే తెచ్చుకున్నది. పై అంతస్తు సైమన్ అందులో లినక్స్ వేసి పెట్టాడు. ఉచితం, పాత మిషన్ మీద కూడా పరిగెడుతుంది, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూడొచ్చు అని చెప్పాడు. మూడో మాట వినగానే రావుకి దాని మీద ప్రేమ పుట్టింది. నెల రోజులుగా తెర మీద ఓ మూల చిన్న కాగితం ముక్క లాంటిది లేస్తోంది. డెస్క్‌టాప్‌కి కొత్త వెర్షన్ వచ్చిందట. లోపలి యంత్రం అదే, పైన కనిపించే బొమ్మలు, మెనూలు, గడియారం అన్నీ మారతాయట. సైమన్ ఆ పనికి మూడు మెట్లు రావు నోటుబుక్కులో రాసిపెట్టాడు. ఒకటి, కొత్త డెస్క్‌టాప్ నెట్‌లోంచి దింపుకోవాలి. రెండు, కంప్యూటర్ ఆపి మళ్ళీ వెయ్యాలి. మూడు, అంతా బావుంటే పాతది తీసెయ్యాలి. ఒక్కోదాని పక్కన కొట్టాల్సిన ఇంగ్లీషు ముక్క కూడా రాసిచ్చాడు.

"ఏవండీ, ఇవాళ దాని జోలికెళ్ళకండి," అంది అరుణజ్యోతి పెనం మీంచి తల తిప్పకుండా. "రమణమ్మ పిన్ని నెల్లాళ్ళ నుంచి రోజులు లెక్కెట్టుకుంటంది."

"అరగంట పనే. కొత్త మొహం ఎలాగుంటదో చూడాలని లేదా నీకు?"

"నాకు రూబీ కొడుకు మొహం చూడాలనుంది."

రమణమ్మది రాజోలు. ముబారక్ అల్ కబీర్‌లో ఓ కువైటీ ఇంట్లో పని. నెలకో శుక్రవారం, పది నుంచి పన్నెండు వరకు, మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, సెలవిస్తుంది. డ్రైవరు దింపి, సరిగ్గా పన్నెండుకి వచ్చి హారన్ కొడతాడు. కూతురు రూబీకి మూడు నెలల క్రితం కొడుకు పుట్టాడు. పేరు అమ్మమ్మ నోటితోనే పెట్టాలని రూబీ పట్టుబట్టింది. ఊళ్ళో అందరూ ఆదివారం పెట్టుకునే ప్రార్థనని రమణమ్మ సెలవు కోసం శుక్రవారానికి మార్చి, పాస్టరుగారిని ఒప్పించి, బంధువులకి భోజనాలు చెప్పారు. ఆ పేరేమిటో రమణమ్మ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఈ నెల దాటితే ఆమెకి మళ్ళీ సెలవు దొరికేది రంజాను తర్వాతే.

ఇంత సంగతి తెలిసీ రావు కుర్చీ లాక్కున్నాడు. నోటుబుక్కు తెరిచి మూడు మెట్లూ చదివాడు. ఎక్కడో తేడా కొట్టింది. గోడౌన్‌లో పదకొండేళ్లుగా ఆయన పాటించే పద్ధతి ఒకటే. ర్యాకులో పాత సరుకు ఉండగా కొత్త సరుకు ఎక్కించకూడదు. ముందు పాతది దించాలి, ర్యాకు తుడవాలి, ఆ తర్వాతే కొత్తది. సైమన్ కుర్రాడు, ఏనాడైనా ర్యాకు సర్దితే కదా తెలిసేది!

"మూడోది ముందు చెయ్యాలి," అని తనలో తనే అనుకుని, మూడో మెట్టు పక్కనున్న ముక్క కొట్టాడు. రెండు వందల పధ్నాలుగు వస్తువులు తీసెయ్యమంటారా అని కంప్యూటర్ అడిగింది. అన్ని పనికిరానివి ఇన్నాళ్లూ ఇంట్లో పెట్టుకున్నందుకు సిగ్గుపడి, తీసెయ్యమన్నాడు.

తెర ఒక్కసారి మెరిసి నల్లబడింది. గడియారం లేదు, బొమ్మల్లేవు, బాణం గుర్తు లేదు. పైన ఓ మూల తెల్ల అక్షరాలతో పేరు చెప్పమంటోంది.

రావు పేరు కొట్టాడు. పడింది. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాడు. ఒక్క అక్షరం పడలేదు, కనీసం చుక్క కూడా పడలేదు. గట్టిగా కొట్టాడు. వేలు నొప్పెట్టింది. నిమిషం చూసి కంప్యూటర్ మళ్ళీ పేరు దగ్గరికే వచ్చింది. ఇలా నాలుగుసార్లు జరిగాక ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు.

"కీబోర్డు పోయింది," అన్నాడు.

"పేరు పడతంది కదండీ?"

"పేరు దాకా పనిచేసి అలిసిపోతంది."

సైమన్ శుక్రవారం ఆరాధనలో ఉన్నాడు. ఫోను పన్నెండు దాకా తీయడు. ఎదురు ఫ్లాటు అల్లాబకష్‌ని అడిగి అరబ్బీ అక్షరాల కీబోర్డు తెచ్చి తగిలించాడు. అదీ పేరు దగ్గర బాగానే ఉండి పాస్‌వర్డ్ దగ్గర చేతులెత్తేసింది. రెండు కీబోర్డులు ఒకే రోజు పోవు కాబట్టి, పోయింది కంప్యూటరే అని తేలింది. గోడౌన్‌కి వచ్చే మెకానిక్కు జ్ఞాపకం వచ్చాడు. రావు సీపీయూని దుప్పట్లో చుట్టాడు. లావుపాటి మానిటర్‌ని దిండు గలీబులోకి ఎక్కించాడు. లిఫ్టులో రెండుసార్లు దిగి అన్నీ కారులో సర్దాడు.

ఇదంతా బిల్డింగు కాపలాదారు, హారిస్, కింద బల్ల మీద కూర్చుని చూస్తున్నాడు. ఆ బిల్డింగులో శుక్రవారం పొద్దున్నే దుప్పట్లో చుట్టిన సామాను దిగిందంటే ఒకటే అర్థం. మనిషి ఫ్లాటు ఖాళీ చేసి సొంతదేశం వెళ్ళిపోతున్నాడు. అడిగి తెలుసుకోవాల్సిన అవసరం కూడా అతనికి కనపడలేదు. రెండు నెలలుగా ఇల్లు కావాలని వెంటపడుతున్న హుస్సేన్ వలికి వెంటనే ఫోను చేశాడు.

రావు సబ్హాన్ చేరి, గోడౌన్ గేటుకి వేసిన తాళం చూసి, ఇవాళ శుక్రవారం సెలవని గుర్తు తెచ్చుకుని, వెనక్కి తిరిగాడు. దారిలో ఉన్న కంప్యూటర్ కొట్లన్నీ మూసే ఉన్నాయి. పది దాటుతోంది. ఏసీ ఫుల్లుగా పెట్టుకున్నా నుదుటి మీద చెమట ఆగలేదు. రమణమ్మ మొహం గుర్తొచ్చిన ప్రతిసారీ యాక్సిలరేటర్ ఇంకొంచెం తొక్కాడు.

ఈలోగా ఇంట్లో తలుపు చప్పుడైంది. అరుణజ్యోతి తీసింది. హారిస్ ఒక మనిషిని చూపించి వెళ్ళిపోయాడు. ఆ మనిషి చేతిలో కొలిచే టేపు ఉంది. మొగుడు పంపిన మెకానిక్కు వచ్చాడని ఆమె ప్రాణం లేచొచ్చింది.

"రండి రండి. ఇదిగో, ఇక్కడే ఉండేదండి," అని ఖాళీ బల్ల చూపించింది.

"బాగుండాదిమా," అన్నాడు హుస్సేన్ వలి హాలంతా కలియచూస్తూ. "కరెంటు బాగా వస్తాదా?"

"కరెంటుకేం, బానే ఉందండి. తెరే నల్లగా అయిపోయింది."

"తెరలు మేం కొత్తవి వేసుకుంటాంలేమా. ఇదిగో, మా ఇంటామె దానికే వచ్చింది." వెనకాలే హమీదా బీ వచ్చి కిటికీ వెడల్పు కొలవడం మొదలెట్టింది. మెకానిక్కు భార్య కిటికీ ఎందుకు కొలుస్తోందో అరుణజ్యోతికి అర్థం కాలేదు. అయినా కంప్యూటర్ పని తనకి తెలియదు కనక ఊరుకుని, ఇద్దరికీ టీ పెట్టింది.

సరిగ్గా అప్పుడే రమణమ్మ వచ్చింది. కొత్త చీర కట్టుకుని, చేతిలో ఖర్జూరాల డబ్బాతో, మొహమంతా నవ్వుతో వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది. కిటికీ దగ్గర ఎవరో టేపు పట్టుకున్నారు.

"ఏటండీ ఇది? ఎవరండీ మీరు?"

"ఈ ఇంట్లోకి మేం వస్తాండాంమా," అంది హమీదా బీ. "వీళ్ళు ఇండియాకి పోతాండారంట. పొద్దున్నే సామానంతా దించినారంట."

రమణమ్మ ఉన్నచోటే చతికిలబడింది. "ఎల్లిపోతన్నారా? అమ్మాయిగారూ, నాకొక్క మాట చెప్పలేదేటండీ? పదకొండింటికి పిల్లాడికి పేరెట్టాలండీ నేను! అక్కడ పాస్టరుగారు కూకునుంటారండీ!"

వంటింట్లోంచి అరుణజ్యోతి పరిగెత్తుకొచ్చింది. "మేమెక్కడికెళ్తున్నాం పిన్నీ? ఈయన మెకానిక్కు..."

"నేను తాపీ మేస్త్రీని కదమ్మా," అన్నాడు హుస్సేన్ వలి టీ గ్లాసు కింద పెట్టి.

నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటుండగా లిఫ్టు తెరుచుకుంది. దుప్పట్లో చుట్టిన సీపీయూని చంకలో పెట్టుకుని రావు గుమ్మంలో నిలబడ్డాడు. ఇంట్లో ఎవరెవరు ఎందుకున్నారో తేలడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఇల్లు ఖాళీ కావడం లేదని తెలిసినా హుస్సేన్ వలి విసుక్కోలేదు. టీ తాగిన ఇల్లు కదా అని కారు దగ్గరికెళ్ళి మానిటర్ తనే మోసుకొచ్చాడు.

పదిన్నరకి అన్నీ తిరిగి బల్ల మీదికొచ్చాయి. తెర వెలిగింది. నల్లగానే వెలిగింది. రావు పేరు కొట్టాడు, పడింది. పాస్‌వర్డ్ కొట్టాడు, పడలేదు.

"చూశారా?" అన్నాడు ఓడిపోయిన గొంతుతో. "రమణమ్మగారూ, తప్పు నాదేనండి. ముట్టుకోవద్దని మా ఆవిడ చెప్తానే ఉంది."

రమణమ్మ కళ్ళు తుడుచుకుని తెర దగ్గరగా వంగింది. "బాబుగారూ, ఎంటర్ కొట్టారా?"

"ఏం పడందే ఎంటర్ ఎలా కొడతానండీ?"

"అది కనపడదండీ. కొట్టేసి ఎంటర్ నొక్కెయ్యాలండి. మా మామా చిన్నకొడుకు కంప్యూటర్ చదువుతున్నాడండి. రోజూ టీ పట్టుకెళ్ళి ఎనకాల నిలబడతాను కదా, ఇలాంటి నల్లటి తెరేనండి. పాపం కీలు పనిచేత్తల్లేదేమో అనుకుని, ఓ రోజు అడిగేశానండి. కనపడితే పక్కనోళ్ళు చూసేత్తారు రమణమ్మా, అందుకే దాస్తది, అన్నాడండి."

రావు కొట్టి, కళ్ళు మూసుకుని ఎంటర్ నొక్కాడు. కంప్యూటర్ పేరు పెట్టి పలకరించి లోపలికి రానిచ్చింది. అల్లాబకష్ కీబోర్డుని ఆయన ఓసారి క్షమాపణగా నిమిరాడు.

నోటుబుక్కు తెరిచి, ఈసారి వేలితో చూపించుకుంటూ ఒకటో మెట్టే చదివి, ఒకటో మెట్టే కొట్టాడు. అక్షరాలు వరసగా పైకి పాకడం మొదలెట్టాయి. ముప్ఫై ఎనిమిది నిమిషాలు పడుతుందని కింద చెబుతోంది. అయిదుగురూ బల్ల చుట్టూ చేరారు. పదకొండింటికి రూబీ ఫోను చేసింది. భోజనాలు చల్లారిపోతున్నాయట, బిడ్డ నిద్రకొస్తున్నాడట. "ఆపమ్మా, పాస్టరుగారికి ఇంకో కూర వడ్డించమ్మా," అని రమణమ్మ బతిమాలింది. హమీదా బీ పక్కన కూర్చుని ఆమె చేతులు పట్టుకుంది.

పదకొండుంబావుకి పని పూర్తయింది. రెండో మెట్టు ప్రకారం రావు కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. నీలంగా, అందంగా కొత్త డెస్క్‌టాప్ వచ్చింది. దాని మీద ఏమీ లేదు. కింద పట్టీ లేదు, మెనూ లేదు, వీడియో కాల్ బొమ్మ లేదు. గోడకి సున్నం వేసినట్టుంది.

"కొత్త సరుకు రాలేదు," అన్నాడు రావు నీరసంగా. "ఖాళీ ర్యాకొచ్చింది."

"మూలకి తొయ్యండి బాబుగారూ."

"దేన్ని?"

"ఆ బాణాన్నండి. పైన ఎడంచేతి మూలకి తోత్తే అన్నీ బయటికొత్తాయండి. మొన్నే చిన్నబాబు కూడా కొత్తది ఏసుకుని గంటసేపు ఎతుక్కున్నాడండి. ఆయనతోపాటు నేనూ ఎతికానండి."

రావు తోశాడు. తెర పక్కకి జరిగి, బొమ్మలన్నీ బారుగా వచ్చి నిలబడ్డాయి. వీడియో కాల్ బొమ్మ నాలుగోది.

పదకొండున్నరకి రాజోలు కనపడింది. ముందు ఎవరిదో చొక్కా, తర్వాత అరిటాకులు, తర్వాత రూబీ. ఆమె చేతుల్లో తెల్ల టవల్లో చుట్టిన బిడ్డ ఆవులిస్తున్నాడు. రమణమ్మ తెర మీద వేలు పెట్టి, వాడి బుగ్గ ఉన్నచోట మెల్లగా తాకింది. మూడు నెలలుగా ఊహించుకున్నదాని కంటే వాడు చాలా బాగున్నాడు. ఆ ఆనందం పట్టలేక ఆమె ఏడ్చేసింది. పాస్టరుగారు ప్రార్థన చేసి, "చెప్పమ్మా," అన్నారు. రూబీ బిడ్డ చెవిని స్పీకరు దగ్గర పెట్టింది.

"నతానియేల్," అంది రమణమ్మ. మళ్ళీ గట్టిగా, "నతానియేల్. మా నాన్న పేరు నాన్నా."

అటువైపు అందరూ ఆమెన్ అన్నారు. ఇటువైపు హుస్సేన్ వలి ఆమీన్ అన్నాడు. రావు గోడవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. కొత్త డెస్క్‌టాప్ ఎలా ఉందో చూడటం ఆయనకి ఆ అరగంటా గుర్తే రాలేదు. పన్నెండుకి కింద హారన్ మోగింది. రమణమ్మ ఖర్జూరాల డబ్బా హమీదా బీ చేతిలో పెట్టి, తెరకి ఇంకోసారి చెయ్యి ఊపి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పన్నెండుంబావుకి ఆరాధన నుంచి సైమన్ వచ్చాడు. బల్ల మీద రెండు కీబోర్డులు, కింద దుప్పటి, కిటికీకి వేలాడుతున్న టేపు చూసి, "అన్నయ్యగారూ, ఏదైనా ఇబ్బందా? చూడమంటారా?" అన్నాడు.

"అక్కర్లేదు," అన్నాడు రావు, సీపీయూ మీద గోడౌన్ లేబుల్ ఒకటి శ్రద్ధగా అంటిస్తూ.

సైమన్ వంగి చదివాడు. "సర్వీసు: రమణమ్మగారు. నెలకో శుక్రవారం, పది నుంచి పన్నెండు వరకు మాత్రమే."