సాయవ్వ దుప్పటి ముట్టడి

సకల పురపాలక రాజ్యములకును సర్వరే దైవమై, సాయంత్రము ఐదింటికి నిధుల పోర్టల్ అను మహాద్వారము మూతపడనున్న ఆ ఘోరదినమున, జగిత్యాల నుండి కోరుట్లకు పోవు రహదారి చెంతనున్న ఒకానొక చిన్న పట్టణమందు, రాత్రి కురిసిన వాన ఇంకను చూరులు విడువని వేళ, వార్డు సభ్యుడును, వాగ్దానవిశారదుడును, మురుగుకాల్వోద్ధరణ దీక్షాపరుడును అగు మహిపాల్, సెల్‌ఫోను దివ్యాస్త్రమును చేతబూని గల్లీ రణరంగము ప్రవేశించెను.

కూలు ఇండ్లకును, పొంగు కాల్వలకును గ్రాంటు కోరి మున్సిపాలిటీ పంపు దరఖాస్తునకు ఒక్క ఫోటో తక్కువైనది. అందు పగిలిన గోడ కనబడవలెను. కనబడనిచో గల్లీ మొత్తమునకు గ్రాంటు లేదు. ఓట్లనాడు ఇచ్చిన మాట గుర్తుకు వచ్చి ఆయన అడుగుల వేగము పెంచెను.

కాని హా! "మన గల్లీ ఫోటోలు హైద్రాబాద్ పోతయి" అని నిన్న ఆటో మైకులో చాటించినది ఆయనే. ఆ పుణ్యమున గల్లీజనులు తెల్లవారకమునుపే లేచి, వాకిళ్లూడ్చి, సాన్పి చల్లి, ముగ్గులు తీర్చి, కంపుగొట్టు కాల్వపై కొత్త రేకులు కప్పి, పెండ్లివారికై ఎదురుచూచునట్లు నిలిచియుండిరి. ఆ ఫోటోకు కావలసిన ముసలి సాయవ్వ ఇంటి గోడపగులుపై నెమళ్ల దుప్పటి వ్రేలాడుచుండెను. దానిముందు పట్టుచీరలో సాయవ్వ. మహిపాల్‌కు ఏడుపు వచ్చెను.

"పెద్దవ్వా, జర గా దుప్పటి తియ్యి."

అంతట ఆ గృహదుర్గరక్షణధురీణ కొంగు నడుమున బిగించి, దిక్కులు మార్మోగ నిట్లు పలికెను.

"ఏంది కొడుకా? పది మంది సూసే ఫోటోల నా ఇల్లు పాడువడ్డట్టు సూపిస్తవా? మీ పెద్దయ్య పోయిన్నాడు గూడ గీ వాకిలి ఊడ్వకుంట ఇడిశిపెట్టలే. నా పానం పోయినా దుప్పటి తియ్య!"

సభాసింహుడగు మహిపాల్ ప్రతిగర్జన చేసెను. "అవ్వా! గీ గల్లీ కోసం ఆఫీసుల సుట్టు చెప్పులరిగేటట్టు తిరిగిన! ఇయ్యాల గీ గోడ కనవడకుంటె, రేపు గోడనే ఉండది!"

"గొంతెండిపోయినట్టున్నది. లోపటికి రా, చాయ్ తాగు."

శత్రువునకైనను చాయ్ పోయుట ఆ గల్లీ యుద్ధధర్మము. ఆయన కూర్చుండి కప్పు పెదవులకు చేర్చబోవు క్షణమున, గూనపెంకుల సందునుండి బయలుదేరిన ఒకేయొక మట్టిచుక్క, గగనవీథిని గడచి, గురి తప్పక, టప్పున చాయ్‌లో పడెను.

సాయవ్వ ముఖము వాడిపోయెను. ఇంటికి వచ్చినవాని చాయ్ పాడగుట ఆమెకు ఇల్లు కూలుటకంటె పెద్ద తలవంపు. బయటికి నడిచి, దుప్పటి లాగివేసెను.

చేయి దూరునంత పగులు. దానివెనుకనే ఆమె మంచము. వెంట వచ్చిన మహిపాల్ ఉపన్యాసము మరచెను. ఈ ముసలమ్మ రాత్రి ఇక్కడనే పండుకొన్నదని తలచి ఆయనకు నిజముగనే భయము వేసెను.

"తియ్యి కొడుకా. గని నన్ను మాత్రం మంచిగ తియ్యి."

పట్టుచీర, చిరునవ్వు, వెనుక ఆ భయంకర పగులు. ద్వారము మూతపడకమునుపే ఫోటో సర్వరు చేరెను. ఫోనుతెరపై పచ్చని టిక్కు వెలిసెను. గల్లీ జయజయధ్వానములతో దద్దరిల్లెను.

"ఇగ ఇల్లెప్పుడు కడ్తరు?" అని సాయవ్వ అడిగెను.

విజేత తల గోకికొనెను. "దరఖాస్తు ఇంక పరిశీలనల ఉన్నదంట, అవ్వా."

వినుడో జనులారా! ఇట్లు ఆ మహాసంగ్రామము ముగిసెను. ఆనాడు ఆ గల్లీకి దక్కిన సమస్త అభివృద్ధి, సాయవ్వ ఇంటిలో చుక్క పడుచోట మహిపాల్ స్వహస్తములతో జరిపిపెట్టిన బకెట్టు.